కోరిక తీరనివారి ప్రదక్షిణము



గడచిన మాసమున మాకొక ప్రశ్న ఎదురైనది. తగిన ప్రత్యుత్తరము ఆ క్షణమున తోచలేదు. ఆలోచించిన కొలదియు అది ఒక్క ఇల్లాలి ప్రశ్న కాదని తోచుటచే నేడు మీ ముందుంచుచున్నాము.

మా ఆలూరినుండి చేవెళ్ల మీదుగా పట్నము దెసకు పోవునప్పుడు, మొయినాబాదు మండలమున, గండిపేట చెఱువునకు చేరువలో చిలుకూరు బాలాజీ దేవళము కలదు. అచ్చట హుండీ లేదు. కలవారికొక త్రోవయు లేనివారికొక త్రోవయు లేదు. కోరిక గలవారు గర్భాలయము చుట్టును పదునొకండు ప్రదక్షిణములు చేసి విన్నవించుకొందురు. అది నెఱవేఱిన పిదప మఱల వచ్చి నూటయెనిమిది చేయుదురు. లెక్క తప్పకుండుటకై అంకెలు ముద్రించిన కాగితము చేతబట్టి, ఒక్కొక్క చుట్టునకు ఒక్కొక్క గీత గీయుచు నడతురు. విదేశయాత్రకు అనుమతి గోరు యువజనులు తండోపతండములుగా వచ్చుటచే ఆ స్వామికి 'వీసా బాలాజీ' యను పేరు కలిగినది. నడతురని వ్రాసితిమి గాని, శనివారమునాడు చూచినచో అది పరుగే!

మా యూరి రోడ్డు ప్రక్కన కూరగాయలమ్ము నొక పెద్దమ్మ కలదు. ఇరువదిరెండేండ్ల కుమారుడు మూత్రపిండముల వ్యాధిచే మంచము పట్టినపుడు ఆమె చిలుకూరికి పోయి పదునొకండు ప్రదక్షిణములు చేసి వచ్చినది. పిల్లవాడు దక్కలేదు. ఏడాది గడచిన పిమ్మట, మాకు టమాటలు తూచుచు, తల యెత్తకయే యడిగినది:

"పంతులమ్మా, అడిగేటప్పుడు పదకొండు తిరిగిన. కోరిక తీరినోళ్లు నూటెనిమిది తిరుగుతరు. తీరనోళ్లు ఎన్ని తిరగాలె?"

"అంతయు పూర్వకర్మము, పెద్దమ్మా" అని మేము తొందరపడి పలికితిమి. ఆమె త్రాసు క్రిందబెట్టినది.

"గట్లయితే అడగుమని ఎందుకు చెప్పిన్రు?"

చిన్ననాట తండ్రిగారి చెంత గూర్చుండి చదివిన చదువంతయు అప్పుడు మాకు అక్కఱకు రాలేదు. సిగ్గుపడి ఇల్లు చేరితిమి.

కోరి చేయు ప్రార్థన అధమమనియు, నిష్కామమే ఉత్తమమనియు చెప్పుట సులభము. కన్నబిడ్డ మూలుగుచుండగా తల్లి మఱేమి యడుగగలదు? భగవద్గీత సప్తమాధ్యాయమున ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని భజించువారు నలుదెఱగులుగా చెప్పబడిరి. జ్ఞానికి పెద్దపీట వేసినను, నలువురును ఉదారులే యని స్వామి పలికినాడు. ఆర్తుని వరుసలో మొదట నిలిపినాడు కూడ. పోతనామాత్యుని అష్టమస్కంధమున గజేంద్రుడు బలముడిగినదాక మొసలితో పోరి, వేఱు దారి లేక మొఱపెట్టినాడు. ఆ మొఱ నడుమ దేవుని యునికినే శంకించినాడు. భక్తకవి యయ్యును పోతన ఆ శంకను దాచలేదు. 17వ శతాబ్దమున గోలకొండ చెఱలో మ్రగ్గిన కంచెర్ల గోపన్న మఱింత ముందునకు పోయి, తాను చేయించిన సొమ్ముల వెలలు ఎత్తిచూపి రాముని నిందించినాడు. వెంటనే మన్నింపుమని వేడినాడు. సీతమ్మను సిఫారసు చేయుమని బతిమాలినాడు. ఆ నిష్ఠూరములను నేడు మనము పేరంటములలో భక్తితో పాడుకొనుచున్నాము. అలుగుటయు ప్రార్థనలోని భాగమే యనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

అయినను గజేంద్రుడు బ్రదికినాడు. గోపన్నకు చెఱ వీడినది. పెద్దమ్మ యడిగిన ప్రశ్న వారికి లేదు. అందుచే మేము కుంతి కడకు పోవలసివచ్చినది.

భాగవత ప్రథమస్కంధమున, యుద్ధము ముగిసి శ్రీకృష్ణుడు ద్వారకకు బయలుదేరునప్పుడు, కుంతి చేయు స్తుతి కలదు. ఆపదలు మఱల మఱల వచ్చుగాక, అప్పుడెల్ల నీ దర్శనము కలుగునుగదా యని ఆమె కోరును. బాల్యమున విన్నపుడు ఇట్టి కోరికయు ఉండునా యని నవ్వితిమి. ఇప్పుడు చదువగా ఒక సంగతి కంటబడినది. అప్పటికామె పెద్దకొడుకు కర్ణుడు లేడు. నిద్రలో చంపబడిన మనుమలు లేరు. వారిని కాపాడని కృష్ణునెదుటనే ఆమె చేతులు జోడించి నిలిచినది. అతడు వెడలిపోవునే యనునదే అప్పటి యామె వెఱపు.

మా వీథిలోని ముసల్మాను సోదరితో ఈ మాట ముచ్చటింపగా ఆమె యిట్లనినది: "నమాజు విధి, దువా కోరిక. నమాజు ముగించి, చేతులు చాచి దువా చేస్తాము. అడిగినది దక్కకపోయినా మఱునాటి నమాజు మానము." అడుగుటకు ముందే, అడుగనక్కఱలేని పలుకరింపు ఒకటి ఉండవలెనన్నమాట. మనలో పలువురము స్వామిని పని పడినపుడే పలుకరింతుము. ఇందు మేమును చేరియున్నాము.

ఇక ఆచరణ మాట. గృహిణికి గంటసేపు కన్నులు మూసి కూర్చుండు తీఱిక ఎక్కడిది? కన్నులు మూసిన పాలు పొంగును! మేము సందెదీపము వేళ ఏమియు కోరమని నియమము పెట్టుకొంటిమి. వత్తి సరిచేసి, నామము పలికి, ఆనాడు తిండి పెట్టినవారిని, పలుకరించినవారిని తలచుకొందుము. కోరికలు ఉదయము స్నానమైన పిదప. 2020 మార్చిలో మహమ్మారివలన చిలుకూరిలో భక్తులకు దర్శనము నిలిచినపుడు మా వీథి స్త్రీలు తులసికోట చుట్టు తిరిగిరి. ఏ ఫలము చెప్పుకొని తిరిగితిరని అప్పుడెవ్వరును ఎవ్వరిని అడుగలేదు.

ఈ సంగతులన్నియు పెద్దమ్మకు వినిపింప మాకు నోరు రాలేదు. "మంగళవారము రద్దీ తక్కువ, చిలుకూరికి పోదమా?" అని మాత్రమే అడిగితిమి. వచ్చినది.

అంకెల కాగితము అందియ్యబోగా వలదన్నది. రెండు చుట్లు మాతో నడచి మూడవదానికి వెనుకబడినది. మేము పదునొకండు ముగించి ఒకవంక కూర్చుంటిమి. ఆమె ఇంకను తిరుగుచుండెను. ఒకమారు నిలిచి గోడకు చేయి ఆనించి ఏమో పలికినది. అది వేడుకోలో నిష్ఠూరమో మాకు వినరాలేదు. మఱల నడచినది.

తిరుగు బస్సులో, చేవెళ్ల దారి మఱ్ఱుల నీడలోనికి వచ్చిన పిదప, "ఎన్నయినవి పెద్దమ్మా?" అంటిమి.

"లెక్క వెట్టలె. వాని పేరు చెప్పుకుంట తిరిగిన."

అటుపై కొంతసేపు కిటికీవంక చూచి, మఱునాటి సంతకు కొత్తిమీర ఎన్ని కట్టలు కోయవలెనో మాతో ముచ్చటింపసాగినది.