వెలుగు ఎవరి ముఖము మీద?



బంగాళాఖాతము మనకు తూర్పున ఉన్నందువలన సూర్యుడు నీళ్ల అంచునుండి పైకి రావడము మన ఒడ్డున నిలబడి చూడగలుగుతున్నాము. ఈస్టరు వేకువ ఆరాధనకు సముద్రతీరమునకు వెళ్లే సంఘములు మనలో ఉన్నాయి. ఆరాధన ముగియకముందే చేతులన్నీ ఫోన్లతో పైకి లేస్తాయి. దానిని మేము తప్పు పట్టడము లేదు. ఆ ఫోటో ఎలా తీయవలెనో, అందులో ఎవరు కనబడవలెనో ఈ నెల కొంచెము ఆలోచిద్దాము.

మొదటి మాట, ముందుగా వెళ్లాలి. విశాఖపట్నములో సూర్యుడు జూన్ నెలలో 5.20 ప్రాంతములోను, జనవరి మధ్యలో 6.30 ప్రాంతములోను ఉదయిస్తాడు. అంతకు ఇరవై నిమిషముల ముందునుండే ఆకాశము రంగులు మారుతుంది. బింబపు అంచు కనబడినది మొదలు పూర్తిగా పైకి వచ్చుటకు పట్టేది సుమారు రెండున్నర నిమిషములే. ఉదయించే చోటు కూడా ఏడాది పొడుగునా ఒకటి కాదు. మార్చి, సెప్టెంబరు నెలలలో 21, 22 తేదీల ప్రాంతములో నేరుగా తూర్పున వస్తాడు. జూన్ చివరికి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరముగా, డిసెంబరు చివరికి అంతే దక్షిణముగా జరుగుతాడు.

రెండవ మాట, జాగ్రత్త. పెద్ద లెన్సు గల కెమెరాను కంటికి ఆనించుకొని సూర్యుని చూడరాదు, చూపు దెబ్బతింటుంది. అలలకు వీపు పెట్టి నిలబడరాదు. ఫోటో కోసము పిల్లలను తడిసిన రాళ్ల మీదికి ఎక్కించరాదు.

ఇక అసలు చిక్కు ఒకటి ఉన్నది. మన కన్ను మండే సూర్యుని పక్కనే నిలిచిన మనిషి ముఖమును కూడా పోల్చుకుంటుంది. కెమెరాకు అంత శక్తి లేదు. ఆకాశమునకు సరిపడే వెలుగు తీసుకుంటే మనిషి నల్లబడతాడు, మనిషికి సరిపడా తీసుకుంటే ఆకాశము తెల్లగా పాలిపోతుంది. ఇది పాత చిక్కే. ఫ్రాన్సు దేశపు ఫోటోగ్రాఫరు గుస్తావ్ లె గ్రే 1850లలో సముద్రపు ఫోటోలు తీసినప్పుడు, కొన్నిటికి ఆకాశమును ఒక నెగటివు మీద, నీళ్లను మరియొక నెగటివు మీద తీసి, అచ్చు వేసేటప్పుడు రెంటిని కలిపాడు. నేటి ఫోన్లు చాలావరకు ఒక్క నొక్కుకే అనేక ఫోటోలు తీసి తమంతట తామే కలుపుతాయి. అయినా సూర్యునికి ఎదురుగా తీసినప్పుడు మనిషి నల్లబడడము పూర్తిగా పోలేదు.

మా సంఘములో ఒక యౌవనుడు తీసిన ఫోటోను పెద్దది చేయించి ప్రార్థన హాలులో తగిలించారు. ఎర్రని ఆకాశము, బంగారపు నీళ్లు, మధ్యలో భుజాన వల వేసుకున్న ఒక నల్లని ఆకారము. వచ్చినవారందరు మెచ్చుకున్నారు. కొన్నాళ్లకు ఆ వల మోసిన సహోదరుడు జబ్బుచేసి ప్రభువునందు నిద్రించాడు. పటము కట్టించుటకు ఇంట్లో రేషను కార్డు మీది మాసిన బొమ్మ తప్ప మరొక ఫోటో లేదు. ఆయన భార్య హాలుకు వచ్చి ఆ ఫోటో ముందు చాలాసేపు నిలబడింది. "ఆ నిలబడ్డ తీరు చూస్తే ఆయనేనండి. ముఖం కాస్త తేటగా చేయించలేరా అయ్యగారూ?" అని అడిగింది. స్టూడియోవారు శక్తికొలది ప్రయత్నించారు. చీకటిలో ముఖము నమోదు కాలేదు గనుక వారికి దొరికినది ఏమీ లేదు.

ఆ యౌవనుని ఫోటో చెడ్డది కాదు. దాని పక్కన రెండవది ఒకటి ఉండవలసినది. దానికి పట్టేది ఒక్క నిమిషము. ఆకాశమును తీసిన తరువాత మీరు అటు తిరిగి, సూర్యుని మీ వీపు వైపు ఉంచుకొని, ఆ మనిషిని తీయండి. పొద్దు పొడిచిన కొద్ది నిమిషముల వరకు ఎండ మెత్తగా ఉంటుంది, కండ్లు చికిలించనవసరము లేకుండా ముఖము మీద పరచుకుంటుంది. తిరిగే వీలు లేకపోతే ఫోన్ తెరమీద ఆయన ముఖమును వేలితో తాకండి, ఫోన్ వెలుగును ముఖమునకు సరిచేస్తుంది. అయితే ముందు అడగండి. వల లాగుచున్నవారిని పిలిచి నిలబెట్టవద్దు, పని ముగిసేవరకు ఆగండి. పేరు తెలుసుకోండి.

నీళ్ల మీద సూర్యునినుండి మన కాళ్ల దాకా పరచుకొనే వెలుగు బాటను మీరు గమనించే ఉంటారు. చిన్న చిన్న అలలు అద్దములవలె వెలుగును మన కంటికి తిప్పడము వలన అది ఏర్పడుతుంది. మీరు పది అడుగులు జరిగితే అది కూడా మీతో జరుగుతుంది. దూరముగా పడవ పక్కన నిలిచినవానికి అది ఆయన కాళ్ల దగ్గరకే వచ్చినట్లు కనబడుతుంది.

మన ఫోన్లలో ఇప్పుడు వేల ఫోటోలు ఉంటున్నాయి, కాగితము మీదికి వచ్చేవి అరుదు. ఈసారి ఒడ్డుకు వెళ్లినప్పుడు తీసిన ఆ రెండవ ఫోటోను ప్రింటు వేయించి, ఆ ఇంటికి తీసుకొనిపోయి ఇవ్వండి. ఆలస్యము చేయవద్దు.