కంప్యూటర్ కొన్నాం సరే, రాత మాటేమిటి?

మన యూనియన్ గదిలోకి యీ యేడు కొత్త కంప్యూటర్ వచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, కుంకుమబొట్టు పెట్టాం, పదిమందిమీ చుట్టూ నిలబడి ఫోటో దిగాం. అంతవరకు అందరిదీ ఒకే మాట. తీరా దాని మీద వ్యాసాలు టైపు చేయడానికి ఏ సాఫ్ట్‌వేర్ వేయించాలనే ప్రశ్న వచ్చేసరికి గది నాలుగు పక్షాలుగా చీలింది. మెస్ బిల్లుల మీద గూడా మనం యింతగా వాదించుకోలేదంటే నమ్మండి!

"వర్డ్ వుండగా యింకోటెందుకు గురూ, లోకమంతా అదే వాడుతోంది" అన్నారు ఒకరు. "డబ్బు దండగ, లిబ్రె ఆఫీస్ వూరికే వస్తుంది" అన్నారు రెండోవారు. "అసలు ఏదీ వేయించనక్కర్లేదు, గూగుల్ డాక్స్‌లో రాసుకుంటే ఫోన్లో గూడా కనిపిస్తుంది" అన్నారు మూడోవారు. నాలుగోవారు సావనీరు పనిని నిజంగా నెత్తిన వేసుకునేవారు. "మీ గొడవ మీది, ప్రెస్సువాళ్లు డి.టి.పి. ఫాంటులో యిస్తేనే పుచ్చుకుంటారు" అని తేల్చేశారు. నాలుగింటిలోనూ నిజం వుంది. కాని నలుగురూ అడగని ప్రశ్న ఒకటుంది. యివాళ మనం రాసింది యిరవయ్యేళ్ల తర్వాత ఎవరైనా చదవగలరా? నా మటుకు సాఫ్ట్‌వేర్ ఎంపికలో మొదటి ప్రశ్న అదే. ఎందుకో చెబుతాను.

కిందటి వేసవిలో ఒక పెద్దాయన మన యూనియన్ గదికి వచ్చారు. ఆయన కూతురు ఒకప్పుడు యిక్కడే చదువుకుంది. ఆ అమ్మాయి యిప్పుడు లేదు. ఆమె రాసిన కథ ఒకటి మన పాత సావనీరులో పడిందట. ఇంట్లో వున్న ప్రతి ఇల్లు మారినప్పుడెప్పుడో పోయిందట. "ఒక్క కాపీ దొరుకుతుందా బాబూ?" అని అడిగారు. లైబ్రరీకి పరుగెత్తాం. ఆ సంవత్సరం సంచిక లేదు. బీరువా అడుగున వెతగ్గా ఆ సావనీరు తాలూకు సి.డి. బయటపడింది. సి.డి. పెట్టే వీలున్న పాత కంప్యూటర్ ఒకటి ల్యాబ్‌లో పట్టుకుని, పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఫైలు తెరిచాం.

ఫైలు తెరుచుకుంది. అందులో తెలుగక్షరం ఒక్కటి గూడా లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, తోకలున్న వింత చిహ్నాలు. పేజీలకు పేజీలు అదే వరస. అమ్మాయి పేరు ఎక్కడుందో గూడా మేం పోల్చుకోలేకపోయాం. ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. "యిది తెలుగేనా బాబూ?" అన్నారు. నాకు నోటమాట రాలేదు.

అది తెలుగే, కాని వేషం తీసేసిన తెలుగు. సంగతి ఏమిటంటే, కంప్యూటర్ అక్షరాన్ని బొమ్మగా దాచుకోదు, అంకెగా దాచుకుంటుంది. ఏ అంకెకు ఏ బొమ్మ చూపించాలో ఫాంటు చెబుతుంది. 1990లలో మన బజార్లోకి వచ్చిన కంప్యూటర్లకు సాధారణంగా ఇంగ్లీషు తప్ప తెలుగు తెలియదు. అప్పుడు కొందరు తెలివైన వాళ్లు ఒక వుపాయం పన్నారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు తలకట్లు, గుడులు, వొత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టి ఫాంట్లు తయారుచేశారు. తెర మీద మనకు కనిపించేది తెలుగు, లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు వున్నన్నాళ్లు బొమ్మ ఆడుతుంది. అది లేని కంప్యూటర్లో తెరిస్తే తెర వెనకాల వున్నది బయటపడుతుంది. పైగా ఒక్కో సంస్థ ముక్కల్ని ఒక్కో వరసలో పేర్చుకుంది. అంచేత ఒక ఫాంటులో కొట్టింది యింకో ఫాంటులో చదవలేం.

ఆ పని చేసినవాళ్లను తప్పుపట్టడం నా వుద్దేశం కాదు. సీసపు అచ్చులు పోయి కంప్యూటర్ వచ్చిన రోజుల్లో తెలుగు పత్రికలు, పుస్తకాలు బతికింది ఆ వుపాయం మీదనే. కాని వాన తగ్గాక గూడా గొడుగు వేసుకునే తిరుగుతామంటే ఏమనాలి? ప్రపంచ భాషలన్నిటికీ ఒకే అంకెల పట్టిక వుండాలని వచ్చిన యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడింది. అందులోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. 'స్త్రీ' అనే అక్షరాన్ని చూడండి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం: యీ ఆరూ వరసగా దాచుకుంటుంది కంప్యూటర్. మనం బడిలో నేర్చుకున్న వరసే! ఏ ఫాంటు వేసినా, అసలు ఫాంటు మార్చేసినా, అది 'స్త్రీ'గానే వుంటుంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు వుంది. అంటే యీ సదుపాయం మన యిళ్లలోకి వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. అయినా మన సావనీరు ఫైళ్లు కిందటేటి దాకా పాత వేషంలోనే వెళ్లాయి.

యిప్పుడు నాలుగు పక్షాల సంగతి చూద్దాం.

వర్డ్ మంచి సాధనమే. దానికి నేను శత్రువును కాను. యూనికోడ్ తెలుగు అందులో చక్కగా పనిచేస్తుంది. దాని డాక్స్ ఫైలు పద్ధతి 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా నమోదైంది గూడా. కాని లోకమంతా వాడుతున్నదనేది ఒక్కటే కారణం కారాదు. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్‌ను ఒకప్పుడు లోకమంతా వాడింది. యివాళ దాని పేరు మన జూనియర్లలో ఎందరికి తెలుసు? విండోస్ 95తో వచ్చిన వర్డ్‌ప్యాడ్‌ను 2024లో విండోస్ 11 కొత్త కూర్పు నుంచి తీసేశారు. కంపెనీల సాఫ్ట్‌వేర్లు వస్తాయి, పోతాయి. రాత మాత్రం మనది.

పైకి అనకపోయినా చాలామంది మనసులో వున్న ఐదో మాట ఒకటుంది. "కొట్టువాడినడిగితే వర్డ్ వూరికే వేసి యిస్తాడు" అనేది. అంటే దొంగ కాపీ. కాపీరైట్ చట్టంలో 1994లో చేర్చిన 63బి సెక్షన్ ప్రకారం దొంగ కాపీ అని తెలిసి కంప్యూటర్లో వాడినవారికి గూడా శిక్ష వుంది: ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. చట్టం మాట అటుంచండి. హాస్టల్ మెస్సులో బియ్యం లెక్క తప్పితే నిలదీసే మనం, మన గదిలోనే దొంగసరుకు పెట్టుకుంటే ఏ ముఖంతో నిలదీస్తాం?

గూగుల్ డాక్స్ విషయం. ముగ్గురు నలుగురు కలిసి ఒకే వ్యాసం దిద్దుకోవడానికి దాన్ని మించినది లేదు, ఒప్పుకుంటాను. కాని ఆ రాత వుండేది మన బీరువాలో కాదు, పరాయివారి గోదాములో. వ్యక్తిగత ఖాతాను రెండేళ్లపాటు ముట్టుకోకపోతే తీసేయవచ్చుననే నియమాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. యూనియన్ కార్యదర్శులు యేటేటా మారతారు. వెళ్లిపోయిన కార్యదర్శి సొంత ఖాతాలో సావనీరంతా వుండిపోతే ఎవరిని అడుగుతాం? రాసుకునే చోటు వేరు, దాచుకునే చోటు వేరు.

యిక లిబ్రె ఆఫీస్. 2010లో పాత ఓపెన్ ఆఫీస్ నుంచి విడివడి, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు, కొన్ని సంస్థలు కలిసి పెంచుతున్న సాఫ్ట్‌వేర్ యిది. డబ్బు కట్టనక్కర్లేదు, ఎన్ని కంప్యూటర్లలో వేసుకున్నా అడిగేవారు లేరు. దాని ఓ.డి.టి. ఫైలు పద్ధతి 2006లోనే అంతర్జాతీయ ప్రమాణమైంది. లోపల ఏది ఎక్కడుందో అచ్చువేసి లోకానికి చెప్పిన పద్ధతి అది. రేపు లిబ్రె ఆఫీసే లేకపోయినా, ఆ వివరాలు చూసి యింకొకరు దాన్ని తెరిచే సాఫ్ట్‌వేర్ రాయగలరు. పాలనలో యిటువంటి బహిరంగ ప్రమాణాలు వాడాలని కేంద్ర ప్రభుత్వం 2010లో విధానం గూడా ప్రకటించింది.

దానిలో లోపాలు లేవా? వున్నాయి. తెలుగు తప్పులు చూసే ఏర్పాటు వుంది గాని, మన సంధులు, ప్రత్యయాలు చూసి బెంబేలెత్తి సరైన మాటల కింద గూడా ఎర్రగీతలు గీస్తుంది. వర్డ్‌లో అందంగా పేర్చిన పట్టిక యిందులో తెరిస్తే ఒక్కోసారి వొరుగుతుంది. "మా గైడ్ వర్డ్ ఫైలే కావాలంటారు, ఏం చేయమంటారు?" అని రిసెర్చి మిత్రుడొకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. లిబ్రె ఆఫీస్ డాక్స్‌గా గూడా భద్రపరుస్తుంది. గైడ్ గారికి అది పంపు, పేజీలు చూసుకుని మరీ పంపు. అసలు ప్రతి మాత్రం ఓ.డి.టి.లో నీ దగ్గర వుంచుకో. థీసిస్ అంతా వర్డ్‌లోనే నడుస్తోంటే వర్డ్‌లోనే కానివ్వు, కొని వాడు. నేను పట్టుబట్టేది సాఫ్ట్‌వేర్ పేరు మీద కాదు, యూనికోడ్ మీద.

నాలుగో పక్షం వారిది అసలైన కష్టం. సావనీరు మోసేది వాళ్లే. యూనికోడ్ ఫైలు యిస్తే ప్రెస్సులో పాత ఫాంటులోకి మార్చుకుంటారు, ఆ మార్పులో వొత్తులు, దీర్ఘాలు అక్కడక్కడ తారుమారవుతాయి, మళ్లీ ప్రూఫులు దిద్దాలి. అక్షరాలా నిజం. కాని ప్రూఫు ఎలాగూ దిద్దుతాం గదా? పైగా ప్రెస్సులు వాడే ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగును నేరుగా పెట్టే వీలుంది. యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవనే మాట గూడా పాతబడింది. మండలి, రామభద్ర, సురన్న, ధూర్జటి, పెద్దన: యివన్నీ వూరికే దొరికే ఫాంట్లు. టైపు కొట్టడానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ వుంది. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు చాలావరకు కుడిచేతికి. కొద్దిరోజులు ఓపిక పడితే చేతికి పడుతుంది.

పెద్దాయన కథ ఏమైందో చెప్పనేలేదు గదూ! మన కాలేజీలో పనిచేసి రిటైరైన ఒక మాస్టారింట్లో ఆ సంచిక దొరికింది. అట్ట పోయింది, అంచులు చెదలు తిన్నాయి, కథ వున్న ఐదు పేజీలు మాత్రం మిగిలాయి. ఇద్దరం కూర్చుని ఒక రాత్రిలో యూనికోడ్‌లో కొట్టాం. ఆయన ఫోనుకు పంపాం. ఏ ఫాంటూ వేయకుండానే అక్షరాలు తెరుచుకున్నాయి. అక్షరాలు పెద్దవిగా చేసుకుని, అక్కడే వరండాలో నిలబడి, చివరిదాకా చదువుకున్నారు. మాతో ఏమీ అనలేదు. నా తలమీద చెయ్యి వేసి వెళ్లిపోయారు.

ఆయనకు దొరికింది మన జాగ్రత్త వల్ల కాదు, ఒక మాస్టారు పుస్తకం పారేయకపోవడం వల్ల. అన్ని కథలకూ అంత అదృష్టం వుండదు. ఆ సి.డి.లో యింకా ముప్ఫై మంది రాతలున్నాయి.

అంచేత మిత్రులారా, రాబోయే జనరల్ బాడీ మీటింగులో నేను పెట్టబోయే ప్రతిపాదన యిది. యూనియన్ కంప్యూటర్లో లిబ్రె ఆఫీస్ వేయిద్దాం. సావనీరుకు వచ్చే ప్రతి రచనా యూనికోడ్‌లోనే తీసుకుందాం. చేత్తో రాసిచ్చినవి మనమే కొట్టుకుందాం. ప్రెస్సుకు ఏ ఫాంటులో వెళ్లినా, ఓ.డి.టి. ఒకటి, పి.డి.ఎఫ్. ఒకటి, రెండు చోట్ల దాచి, దాని లెక్క కొత్త కార్యదర్శికి సంతకం పెట్టించి అప్పగిద్దాం. పాత సి.డి.ల్లోని రచనల్ని సెలవుల్లో తలా ఒకటి పంచుకుని యూనికోడ్‌లోకి మారుద్దాం. ఫాంట్లు మార్చే సాధనాలున్నాయి, తప్పులు దిద్దే చేతులే కావాలి.

ఒప్పుకోనివారు మీటింగుకు రండి, వాదించండి. ఒప్పుకున్నవారు గూడా రండి, ఆ ముప్ఫై మందిలో ఒకరి రాత తీసుకుని వెళ్లండి.