సింక్ బటన్‌కు తెలియని తకిట

కొత్తగా డీజే నేర్చుకునేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఒక్కటే. మాటలు మారతాయి, బాధ మాత్రం అదే. "అన్నా, సింక్ నొక్కి ప్లే చేసేటోడు డీజేనే కాదంటున్నరు. నిజమేనా?"

పోయిన నెలలో కరీంనగర్ వైపు నుంచి ఒక డిగ్రీ కుర్రాడు ఫోన్ చేశాడు. సెలవుల్లో క్యాటరింగ్ పనికి పోయి, ఆ డబ్బులతో సెకండ్ హ్యాండ్ కంట్రోలర్ కొనుక్కున్నాడు. ఫ్రెండ్ వాళ్ల అక్క హల్దీకి మొదటిసారి ప్లే చేశాడు. జనం బాగానే ఆడారట. కానీ పక్కన ఉన్న సౌండ్ ఆయన వాడి వేలు సింక్ బటన్ మీద చూసి, "గింతేనా? బటన్ నొక్కుడేనా?" అని నలుగురిలో నవ్వాడు. ఆ కుర్రాడు నన్ను టెక్నిక్ ఏమీ అడగలేదు. "అమ్మేయమంటవా అన్నా?" అని అడిగాడు.

అమ్మొద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఈ వారం మీ అందరికీ చెప్తాను. ఎందుకంటే ఆ సౌండ్ ఆయన నవ్వడం తప్పే గానీ, ఆయన మాటలో మనం వినాల్సింది కూడా ఒకటుంది.

బటన్ చేసేది ఎంత?

సింక్ చేసేవి రెండే పనులు. రెండు పాటల వేగాన్ని సమానం చేస్తుంది. ఒకదాని దెబ్బ మీద రెండోదాని దెబ్బ పడేలా జరుపుతుంది. అంతే.

టర్న్‌టేబుల్ రోజుల్లో ఈ పని చెవితో, చేత్తో చేసేవాళ్లు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అనే ప్రసిద్ధ టర్న్‌టేబుల్ 1972లో వచ్చింది. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవికి హాల్ శబ్దం పెట్టుకుని, పిచ్ స్లైడర్‌ని కొంచెం కొంచెం జరుపుతూ రెండు రికార్డుల్ని కలిపేవాళ్లు. ఇప్పుడు ఆ పనిని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. క్యాలిక్యులేటర్ వాడిన షాపాయన్ని వ్యాపారి కాదంటామా?

ఏ పాట వేయాలి, దాన్ని ఎక్కడ వదలాలి, పెద్దవాళ్లు కుర్చీల్లోంచి లేచేది ఏ పాటకి, పిల్లలు అలిసిపోయారా లేదా అనేది బటన్‌కి తెలియదు. అసలు చిక్కు వేరే ఉంది. చాలా డీజే సాఫ్ట్‌వేర్లు దెబ్బల్ని నాలుగేసి చొప్పున లెక్కపెడతాయి. మన పెళ్లిళ్లలో ఆడించే పాటలన్నీ ఆ లెక్కకి లొంగవు.

తకధిమి, తకిట

చేత్తో తొడ మీద ఒకే వేగంలో కొట్టండి. ఒక్కో దెబ్బకి నోటితో "తకధిమి" అనండి. ఇది నాలుగు. హౌస్ మ్యూజిక్, మామూలు డ్యాన్స్ ట్రాక్‌లు, చాలా సినిమా మాస్ పాటలు ఇలా నడుస్తాయి. ఇప్పుడు చేతి వేగం మార్చకుండా "తకిట" అనండి. ఇది మూడు. తీన్మార్ ఊపు ఇక్కడే ఉంది. 2023లో ఆస్కార్ తెచ్చుకున్న 'నాటు నాటు' కూడా ఈ నడకే. సంగీతం వాళ్లు సిక్స్-ఎయిట్ అంటారు.

చెయ్యి ఒకే వేగంలో పడుతున్నా లోపలి నడక మారిపోయింది కదా? సరిగ్గా ఇక్కడే సింక్ దారి తప్పుతుంది. తకిట పాటకి సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎం ఒక్కోసారి అసలు వేగంలో సగం ఉంటుంది, ఒక్కోసారి రెట్టింపు, ఒక్కోసారి ఒకటిన్నర రెట్లు. ఆ అంకెని నమ్మి సింక్ నొక్కితే పాట ఉన్నట్టుండి పరుగెడుతుంది, లేదంటే నత్తలా పాకుతుంది. అంకె సరిగ్గా ఉన్నా కూడా, నాలుగు నడక మీద మూడు నడక ఎక్కువసేపు ఎక్కితే ఆడేవాళ్ల కాళ్లు తడబడతాయి. ఎందుకో వాళ్లకి తెలియదు, ఆగిపోతారు.

నేను వాడే దారులు మూడు.

ఒకటి, కలపకుండా కట్ చేయడం. పల్లవి చివరి మాట దగ్గర ఎకో పెట్టి, పాట ఆపి, ఒక్క క్షణం ఖాళీ వదిలి, తీన్మార్ మొదటి దెబ్బతోనే రావాలి. ఆ ఖాళీలో జనం అరుస్తారు. మన ఫంక్షన్లలో దీనికి మించిన మిక్స్ లేదు.

రెండు, మధ్యలో మనిషి గొంతు. మైక్‌లో పెళ్లికొడుకు ఫ్రెండ్స్‌ని పిలవండి, చప్పట్లు కొట్టించండి. చప్పట్లకి తకధిమి, తకిట అనే తేడా లేదు. ఆ చప్పట్ల వేగంలోనే తర్వాతి పాట తీయొచ్చు.

మూడు, డప్పు ఒక్కటే వినిపించే ముక్కని లూప్ చేసి, దాని బేస్ పూర్తిగా తగ్గించి, పాత పాట కింద కాసేపు నడపడం. జనం చెవికి ఆ నడక అలవాటయ్యాక పాత పాట తీసేయాలి. ఇది కొంచెం ప్రాక్టీస్ అయ్యాకే చేయండి.

పాత పాట తన ఇష్టంగా నడుస్తుంది

విజయవాడలో ఇంజినీరింగ్ చదివే ఒకమ్మాయి తన అనుభవం చెప్పింది. కంట్రోలర్ లేదు. పాత ల్యాప్‌టాప్‌లో మిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుని, కీబోర్డుతోనే ఆరు నెలలు నేర్చుకుంది. కాలేజీ ఫేర్‌వెల్‌లో కొత్త పాటలన్నీ బాగా కలిశాయి. లెక్చరర్ల కోసం ఒక 1980ల పాట తీసి సింక్ చేస్తే, అర నిమిషంలో రెండు పాటలూ గుర్రాలు కొట్టుకున్నట్టు అయ్యాయట.

తప్పు ఆ అమ్మాయిది కాదు. ఆ రోజుల పాటలు చాలావరకు మనుషులు కూర్చుని వాయించినవి. మనిషి వాయించేటప్పుడు చరణంలో కొంచెం నెమ్మది, పల్లవికి తిరిగొచ్చేసరికి కొంచెం ఉత్సాహం. పాట మొదట్లో ఉన్న వేగం చివర్లో ఉండకపోవచ్చు. సాఫ్ట్‌వేరేమో పాట మొత్తానికీ ఒకే గీతల పట్టీ గీసేస్తుంది. రెండో చరణానికి వచ్చేసరికి గీత ఒకచోట, దెబ్బ ఇంకోచోట.

ఇలాంటి పాటకి సింక్ తీసేయండి. మీకు కావాల్సిన నాలుగు బార్ల దగ్గర మాత్రం బీట్ గ్రిడ్ చేత్తో సరిచేసుకోండి. కలిపే సమయం తగ్గించండి. తప్పుతోంది అనిపిస్తే జాగ్ వీల్‌ని వేలితో చిన్నగా ముందుకో వెనక్కో తోయండి. ఇదే పాతవాళ్లు రికార్డు మీద చేసిన పని. రోజుకి పది నిమిషాలు సింక్ లేకుండా రెండు పాటలు కలపమని నేను అందరికీ చెప్పేది ఇందుకే. గొప్ప కోసం కాదు, అవసరం పడే రోజు ఒకటుంటుంది కాబట్టి.

ఇంకో మాట. వేగం తేడా మరీ ఎక్కువుంటే కలపకండి. 100 బీపీఎం పాటని 128కి లాగితే 28 శాతం సాగదీసినట్టు. కీ లాక్ వేసినా గొంతు రబ్బరులా వినిపిస్తుంది. ఐదారు శాతం లోపు ఉంటే చెవికి పెద్దగా తెలియదు. అంతకు మించితే కట్ చేయడమే మర్యాద.

డప్పు పక్కన నిలబడిన రోజు

మళ్లీ మన కరీంనగర్ కుర్రాడి సంగతి. రెండు వారాల తర్వాత వాడికి ఒక బరాత్ దొరికింది. అక్కడికి పోతే పెళ్లికొడుకు మేనమామ డప్పు బృందాన్ని కూడా పిలిచాడు. ముందు డప్పు, వెనక బండి మీద డీజే. ఎవరి పాట వాళ్లది, రెండూ కలిసి గోల. డప్పు పెద్దాయన ఒకటి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి కొట్టడం ఆపేశాడట.

వాడు ఫేడర్ దించేసి బండి దిగాడు. "కాకా, నువ్వు కొట్టు, నీ ఎనక నేనొస్తా" అన్నాడు. ఆయన గడ్డి మంట మీద డప్పు కాచుకుని చిర్ర, సిటికెన పుల్ల అందుకున్నాడు. వాడు పాట పెట్టలేదు. ఆయన దెబ్బకి దెబ్బ చూసుకుంటూ ట్యాప్ బటన్ మీద వేలితో కొట్టి వేగం పట్టుకున్నాడు. తర్వాత ఒక హుక్ లైన్ మాత్రం వేసి ఆపేశాడు. మళ్లీ డప్పు. మళ్లీ హుక్. వీధి చివరిదాకా అట్లానే నడిచింది.

"సింక్ పనిచెయ్యలే అన్నా, ఆయన చెయ్యి చూసుకుంట కొట్టిన" అని ఫోన్‌లో వాడి గొంతు వేరేగా ఉంది. కంట్రోలర్ అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ సంగతి ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, ఒకప్పుడు ఆ వీధంతా డప్పు వాళ్లదే. మన బండి వచ్చాక చాలామందికి పిలుపు తగ్గింది. ఇది మనం కాదనలేని నిజం. మన ల్యాప్‌టాప్‌లో ఉన్న తీన్మార్ బీట్ కూడా ఎవరో ఒకరి చేతి నుంచే వచ్చింది. డప్పు ఉన్న పెళ్లికి పోతే ముందే వాళ్లతో మాట్లాడుకోండి. వాళ్లకంటూ సమయం వదలండి. నేర్చుకోవడానికి అంతకు మించిన క్లాసు ఏ యాప్‌లోనూ లేదు.

హాల్‌కి బయల్దేరే ముందు

తలా ఒకరు దెబ్బ తిని చెప్పినవి ఇవి. మీకు ఉచితంగా ఇస్తున్నా.

పాటలు నెట్ మీద ఆధారపడి పెట్టకండి. ఫంక్షన్ హాల్‌లో ఐదొందల ఫోన్లు ఒకేసారి రీల్స్ పెడుతుంటాయి. అన్నీ ల్యాప్‌టాప్‌లో ఉండాలి, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఉండాలి.

128 కేబీపీఎస్ ఫైల్‌ని 320కి మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు. ఇయర్‌ఫోన్‌లో తెలియకపోయినా పెద్ద స్పీకర్‌లో బండారం బయటపడుతుంది.

ప్రతి పాటకీ మూడు హాట్ క్యూలు పెట్టుకోండి. దెబ్బ మొదలయ్యే చోటు, పల్లవి, హుక్ లైన్. సినిమా పాట మొత్తం ఎవరూ ఆడరు. రెండు నిమిషాల్లో తర్వాతిది సిద్ధంగా ఉండాలి.

ఫోన్‌ని సౌండ్‌కి కలిపితే ముందు ఫ్లైట్ మోడ్. ఒకబ్బాయి సంగీత్‌లో వాళ్లమ్మ ఫోన్ చేస్తే రింగ్‌టోన్ హాల్ మొత్తం మోగింది.

కరెంట్ పోతే మాస్టర్ వాల్యూమ్ కిందికి దించండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద పాట నడుస్తూనే ఉంటుంది. కరెంట్ వచ్చిన క్షణాన ఒక్కసారిగా పడే శబ్దం స్పీకర్‌ని తినేస్తుంది.

అడ్వాన్స్, టైమ్, ఎన్ని గంటలు, స్పీకర్లు ఎవరివి అనేది వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి. చుట్టాలైనా సరే. చుట్టాలైతే తప్పకుండా.

చెవి పోతే పాట పోయినట్టే

చివరిగా అన్నిటికన్నా పెద్ద విషయం. ఆఖరి గంటలో వాల్యూమ్ పెంచాలనిపించడం సహజం. జనం పెంచమంటారు, మన చెవి మొద్దుబారి మనకీ తక్కువే అనిపిస్తుంది.

పని చోట శబ్దం గురించి అమెరికా సంస్థ నియోష్ చెప్పే లెక్క ఇది. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి 8 గంటలు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగం. అలా 100కి చేరేసరికి మిగిలేది 15 నిమిషాలు. మనం బండి మీద మూడు నాలుగు గంటలు ఉంటాం. రాత్రి ఇంటికొచ్చాక చెవిలో కీచుమంటోందంటే అది జాగ్రత్తపడమనే హెచ్చరిక. ఒక జత ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. గెయిన్ ఎరుపు లైట్ దాకా పోనివ్వకండి. ఎరుపులో శబ్దం పెరగదు, పగులుతుంది.

మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్ స్పీకర్లు పెట్టకూడదు. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55 డెసిబెల్స్. హైదరాబాద్‌లో 2024లో పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు. దీని మీద మనవాళ్లకి కోపం ఉంది. కానీ ఆ వీధిలో ఒక పసిపాప, ఒక గుండె జబ్బు తాత ఉంటారని మనం ముందే గుర్తుపెట్టుకుని ఉంటే ఆ మాట పోలీసులు చెప్పాల్సి వచ్చేది కాదేమో. పని నిలవాలంటే వాల్యూమ్ మన చేతిలో ఉండాలి.

ఈ వారం హోంవర్క్ ఒక్కటే. మీ దగ్గరున్న పాటల్లో పది తీసుకోండి. స్క్రీన్ చూడకుండా, తొడ మీద తాళం వేస్తూ ఏది తకధిమి, ఏది తకిట అని కాగితం మీద రాయండి. తర్వాత సాఫ్ట్‌వేర్ చూపించే బీపీఎంతో పోల్చండి. ఎన్నిచోట్ల అది తప్పిందో చూశాక సింక్ బటన్ అంటే భయమూ ఉండదు, భక్తీ ఉండదు.

వచ్చే వారం మైక్ పట్టుకుని మాట్లాడటం గురించి. అప్పటిదాకా వాల్యూమ్ కొంచెం తగ్గించి వినండి.