గాల్లో ఇంధనం పోసేవాళ్లు

కలికిరిలో సైనిక్ స్కూల్ వచ్చాక మా పుంగనూరు, మదనపల్లె ఇళ్లలో ఆరో తరగతి ప్రవేశ పరీక్ష మాట ఏటా వినబడుతోంది. ఏమవుతావని అడిగితే పిల్లలు ఫైటర్ పైలట్ అంటారు. ట్యాంకర్ నడుపుతానన్నవాళ్లు నాకింకా తగల్లేదు. ఎగురుతున్న యుద్ధవిమానానికి ఇంధనం పోసే విమానం ఒకటుంటుందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేటప్పుడు మంచీ చెడూ రెండూ చెప్పాలి.

2018 సెప్టెంబరు 10న తేజస్‌కు తొలిసారి గాల్లో ఇంధనం ఎక్కించారు. 20 వేల అడుగుల ఎత్తున, గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతూ ఐఎల్-78 ట్యాంకర్ గొట్టాన్ని వెనక్కి వదిలింది. దాని కొసనున్న బుట్టను తేజస్ అందుకుని 1,900 కిలోల ఇంధనం తీసుకుంది. పేరు తేజస్‌కు వచ్చింది, న్యాయమే. కానీ ముందుపోయే విమానం తొణికితే వెనకవాడికి ఆ బుట్ట అందదు. వేగం మారకుండా, మలుపులో కూడా మెల్లగా వాలుతూ పోవడమే ట్యాంకర్ పైలట్ పనితనం. పల్టీలు కొట్టాలని ఉబలాటపడేవాడికి ఇది చప్పగా ఉంటుంది. నా మటుకు నాకు అంతకు మించిన నిగ్రహం కనబడదు. ఇంధనం అడుగంటుతున్నవాడు ఆ మనిషినే నమ్ముకుని వస్తాడు మరి.

ఇది ఒంటరి పని కూడా కాదు. ఇద్దరు పైలట్లు, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్, తోక దగ్గర కూర్చుని గొట్టాలను కనిపెట్టుకుని ఉండే మనిషి, అందరూ కలిస్తేనే సాగుతుంది. 2004లో మన జాగ్వార్లు అలాస్కాకు, 2008లో సుఖోయ్‌లు నెవాడాకు విన్యాసాలకు వెళ్లాయంటే ఈ ట్యాంకర్లు వెంట ఉండబట్టే.

కష్టాలకేం తక్కువ లేదు. ఆయుధాలుండవు, ఒళ్లు పెద్దది, శత్రువు కన్ను ముందు దానిమీదే పడుతుంది. కోరుకున్నంత మాత్రాన దొరికే కొలువూ కాదు; శిక్షణలో రవాణా విభాగానికి ఎంపికై, ఆపైన ట్యాంకర్ల స్క్వాడ్రన్‌కు పోస్టింగ్ రావాలి.

వీటన్నిటికంటే నన్ను బాధపెట్టేది విమానాల కరువు. 2003 నుంచి ఆగ్రాలో ఉన్నవి ఆరే ఐఎల్-78లు. 2010-16 మధ్య సగటున 49 శాతమే ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయని 2017లో కాగ్ తేల్చింది. అంటే ఆరింట మూడు. కొత్తవాటి కోసం రెండుసార్లు ఎయిర్‌బస్ ఎ330ను ఎంచుకుని, 2010లో ఒకసారి, 2016లో ఒకసారి టెండరు రద్దు చేశారు. చివరికి 2025 మార్చిలో మెట్రియా అనే ప్రైవేటు సంస్థ నుంచి ఒక కేసీ-135 ట్యాంకర్‌ను అద్దెకు తీసుకోవడానికి ఒప్పందం చేసుకున్నాం. మన ఫైటర్ పైలట్లు బుట్ట అందుకోవడం సాధన చేయడానికి అది సరిపోతుంది. ట్యాంకర్ నడిపే మనవాళ్లకు మాత్రం దానివల్ల చేతికి పని పెరగదు, దాన్ని నడిపేది ఆ సంస్థ సిబ్బందే. సొంత ట్యాంకర్ల కొనుగోలును మూడోసారి మధ్యలో వదిలేయడానికి వీల్లేదు.