మా హైస్కూలు పాస్ పర్సెంటేజీ

మొన్న పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు పొద్దున్నే మా పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్. "మన బడి 74 శాతం అంట రా. పోయినేడు 91. ఇంకెందుకు డబ్బులు దండగ?"

కాస్త నేపథ్యం చెప్పాలి. మాది కర్నూలు జిల్లా పడమటి వైపు ఒక ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూలు, 2013 బ్యాచ్. మాలో పదిహేను మందిమి సాఫ్ట్‌వేర్‌లో పడ్డాం. ఏటా తలా కొంచెం వేసుకుని, పదో తరగతి పిల్లలకి సాయంత్రం స్టడీ అవర్స్‌లో బొరుగులూ శెనగలూ, లెక్కలు చెప్పడానికి ఊళ్ళోనే ఒక డిగ్రీ కుర్రాడికి జీతం ఏర్పాటు చేశాం. ఇప్పుడు మావాడి ప్రతిపాదన ఏంటంటే, అది ఆపేసి అదే డబ్బుతో నలుగురు పిల్లల్ని టౌన్లో ప్రైవేటు బళ్ళో చేర్పిద్దామని. అక్కడ నూటికి నూరు శాతం పాస్ కదా!

వినడానికి బాగానే ఉంది. నాకూ ఒక గంటసేపు నిజమే అనిపించింది. కానీ రోజూ డాష్‌బోర్డులు చూసి బతికేవాణ్ణి కదా, నంబరు కనబడితే దాని వెనక ఏముందో చూడందే నిద్ర పట్టదు. హెడ్మాస్టరు గారికి ఫోన్ చేశా.

ఈ ఏడు పరీక్ష రాసింది 23 మంది. పోయినేడూ 23 మందే. పోయినేడు ఇద్దరు తప్పారు, ఈసారి ఆరుగురు. అంటే 91 నుంచి 74కి పడిపోవడమంటే నలుగురు పిల్లలు! ఒక్కో పిల్లాడి బరువు నాలుగు శాతం పైనే. ఇంత చిన్న శాంపిల్ మీద మన ఆఫీసులో ఎవరైనా ట్రెండ్ గ్రాఫ్ గీస్తే మీటింగులోనే నవ్వుతాం.

"ఆ నలుగురూ ఎవరు సార్?" అనడిగా.

"సుగ్గికి పోయినోళ్ళ పిల్లలే నాయనా" అన్నారాయన.

మా వైపు వానలు లేక పంటలు ఎండితే, ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయల కోతలకి పోతారు. దాన్నే సుగ్గి అంటాం. సంక్రాంతి దాటాక అమ్మానాన్నలతో పాటు వీళ్ళూ పోయి, పరీక్షలకి వారం ముందు తిరిగొచ్చారట. అందరం కూర్చుని రివిజన్ చేసే రెండు నెలలూ వీళ్ళు మిరప చేలల్లో ఉన్నారు. మరి ఆ 74 శాతం బడి ఫలితమా, వాన ఫలితమా?

ఇంకో సంగతి. మా బ్యాచ్‌లో 62 మందిమి. భూమి ఉన్న రైతుల పిల్లలు, పోస్టుమాస్టరు గారబ్బాయి, కిరాణా కొట్టు కొడుకుని నేను, కూలోళ్ళ పిల్లలు, అందరం ఒకటే బెంచీల మీద. ఇప్పుడు కాస్తో కూస్తో ఉన్నవాళ్ళ పిల్లలంతా పసుప్పచ్చ బస్సెక్కి టౌనుకి పోతున్నారు. మిగిలిన 23 మందిలో 15 మంది ఆడపిల్లలు. కొడుక్కి ప్రైవేటు, కూతురికి సర్కారు బడి అన్నమాట. ఎక్కువమంది ఇంట్లో పదో తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి వీళ్ళే. పైగా, తొమ్మిదిలో వెనకబడితే నూరు శాతం చెడిపోతుందని టౌన్ బడి టీసీ చేతిలో పెట్టి పంపిన ఇద్దరు కూడా ఈ 23లోనే ఉన్నారు! ఇన్‌పుట్ మొత్తం మారిపోయాక, అవుట్‌పుట్ తగ్గింది, కోడ్ చెత్త అంటే ఎలా?

ఇది నా ఒక్కడి గొడవ కాదు. అమెరికాలో 1966లో వచ్చిన కోల్‌మన్ నివేదిక, మార్కుల్లో తేడాలకి బళ్ళ మధ్య తేడాల కంటే పిల్లల ఇంటి పరిస్థితులే ఎక్కువ కారణమని చెప్పింది. మన దగ్గర ఇంకా మంచి ఉదాహరణ ఉంది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 జిల్లాల్లోని 180 ఊళ్ళలో, కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం మొదలుపెట్టారు. లాటరీ తీసి, నెగ్గిన పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. అచ్చం మావాడి ఐడియానే. నాలుగేళ్ళ తర్వాత చూస్తే తెలుగు, లెక్కల్లో లాటరీ నెగ్గినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ తేడా లేదు. హిందీలో మాత్రం నెగ్గినవాళ్ళు ముందున్నారు. అవి ప్రాథమిక తరగతులు, నిజమే. కానీ టౌన్ బడి గొప్పగా కనబడ్డంలో అక్కడికి ఎవరు చేరుతున్నారన్నది ఎంత ఉందో అర్థమవుతుంది.

అలాగని సర్కారు బడికి వకాల్తా పుచ్చుకోవడం లేదు. అదే అధ్యయనంలో ప్రైవేటు బడి ఒక్కో పిల్లాడి మీద పెట్టే ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదని తేలింది. అయినా తెలుగు, లెక్కల్లో మార్కులు సమానం. ఇది ప్రభుత్వం తల దించుకోవాల్సిన విషయమే. 2003లో దేశమంతా ఆకస్మికంగా తనిఖీ చేస్తే ప్రభుత్వ ప్రాథమిక బళ్ళలో నలుగురు టీచర్లలో ఒకరు కనబడలేదు. నేను చదివేటప్పుడు మా సోషల్ సారు కూడా ఎక్కువగా మండలాఫీసులోనే ఉండేవారు :)

నా మటుకు నాకు, బడిని కొలవాలంటే ఆరో తరగతిలో చేరినప్పుడు పిల్ల ఎంత చదవగలిగేది, పదిలో ఎంత చదవగలుగుతోంది అన్నది చూడాలి. కూడబలుక్కుని చదివే పిల్ల వచ్చి 45 మార్కులతో పాసైతే ఆ బడి పని చేసినట్టే. ఆ లెక్క పేపర్లో ఫొటోలతో రాదు.

అందుకే గ్రూపులో నేను వేరే ప్రతిపాదన పెట్టా. లెక్కల కుర్రాణ్ణి ఆపొద్దు. ముందు ఆ ఆరుగురినీ సప్లిమెంటరీకి తయారు చేయిద్దాం. వచ్చే జనవరి నుంచి సుగ్గికి పోయే ఇళ్ళ పదో తరగతి పిల్లలు ఊళ్ళోనే అవ్వ దగ్గరో, తెలిసినవాళ్ళ దగ్గరో ఉండేట్టు తిండి ఖర్చు మనం పెట్టుకుందాం. టౌన్లో నాలుగు ఫీజుల కంటే ఇది తక్కువే అవుతుంది.

సగం మంది సరేనన్నారు. మెసేజ్ పెట్టినవాడు ఇంకా ఏమీ అనలేదు, బ్లూ టిక్‌లు మాత్రం పడ్డాయి. నా వాటా నేను పంపేశా.

మీరూ చదివిన బడి ఒకటుంటుంది కదా. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఎంత శాతం అని కాకుండా, ఇప్పుడక్కడ ఎవరి పిల్లలు చదువుతున్నారని అడిగి చూడండి. ఏమంటారు?