పొగమంచులో నానీ తస్వీర్

చలికాలం వస్తే షాదీ ఫొటోలవాళ్ళకు చేతినిండా పని. లంబసింగికో, అరకుకో కార్లు కట్టుకుని పోతారు. ఒకడు రంగుల పొగ వదులుతాడు, ఇంకొకడు దుల్హన్ దుపట్టాను వెనకనుంచి ఎగరేస్తుంటాడు. తర్వాత కంప్యూటర్లో ఇంకాస్త పొగ కలుపుతారు. అల్లాహ్ ఇచ్చిన మంచు ముందే ఉండగా పొగ కొనుక్కోవడం ఏం హిసాబో!

సరే, షాదీ వాళ్ళది, షౌక్ వాళ్ళది. నా శికాయత్ వేరే. అదే ఇంట్లో దుల్హన్ నానీకి ఉన్న తస్వీర్ చాలాసార్లు ఒక్కటే, ఆధార్ కార్డు మీదిది. ఆమె ఇంతెఖాల్ అయ్యాక మనవలు దాన్నే ఫోన్లో పెద్దది చేసి చూసుకుంటారు. (తస్వీర్ జాయజా, నాజాయజా అనే బహస్ ఉలమాలది. నేను ఎలాగూ ఫొటోలు దిగుతున్న ఇళ్ళ గురించే అంటున్నాను.)

ఖ్వాబ్ లాంటి ఫొటో అంటే స్టూడియో, ఖరీదైన కెమెరా ఉండాలనుకుంటారు. కావలసింది పొద్దు. జనవరిలో హైదరాబాద్‌లో సూర్యుడు వచ్చేసరికి పావు తక్కువ ఏడు అవుతుంది. ఫజర్ చదివిన నానీ అప్పటికే లేచి ఉంటుంది, లేవనిది మనమే. చెరువు కట్ట మీదో, పొలం గట్టు మీదో మంచు పట్టి ఉంటుంది. ఆ నీటి తుంపర రోష్నీని నలుదిక్కులా చెదరగొడుతుంది. అందుకే ముఖం మీద గట్టి నీడలు పడవు, ముడతలు కూడా మెత్తగా కనిపిస్తాయి. వెనకున్న తాళ్ళు ఒకదాని వెనక ఒకటి పలచబడుతూ పోతాయి. సూర్యుణ్ణి ఆమె వీపు వైపు ఉంచితే షాల్ అంచు, నెరిసిన వెంట్రుకలు వెలుగుతాయి. ఈ పని ఏ ఫిల్టరూ సరిగ్గా చేయదు. ఫోన్లోని పోర్ట్రెయిట్ మోడ్ షాల్ కుచ్చుల్నీ, వెంట్రుకల్నీ కొరికేస్తుంది, ఆపేయండి. తెల్లటి మంచును చూసి కెమెరా మోసపోయి ఫొటోను నల్లగా చేస్తుంది కాబట్టి స్క్రీన్ మీద ముఖాన్ని తాకి వెలుతురు కొంచెం పెంచండి.

ఆయాసం ఉన్నవాళ్ళను మాత్రం మంచులో నిలబెట్టకండి. వాకిట్లో కుర్చీ వేసి, చేతికి చాయ్ ఇవ్వండి. చలికాలం ఎనిమిదింటికి కూడా ఎండ ఏటవాలుగానే ఉంటుంది, చాయ్ ఆవిరే మంచు పని చేస్తుంది.

మెత్తగా, మసకగా ఉన్న ముఖాన్ని తప్పుగా చూడొద్దు. 1815లో కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ 48 ఏళ్ళ వయసులో, కూతురు ఇచ్చిన కెమెరాతో మొదలుపెట్టింది. ఫోకస్ చేయడం రాదని ఆమెను ఎగతాళి చేశారు. ఆ మసక ముఖాలే ఇవాళ మ్యూజియాల్లో ఉన్నాయి.

"మా ఇంట్లో ఆడవాళ్ళు ఫొటో దిగరు, పరదా" అంటారు కొందరు మగవాళ్ళు. రాజా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచారు. అక్కడ తీసేది ఒక ఇంగ్లీషు మహిళ. పరదా పాటించే బేగమ్‌లే అక్కడికి వెళ్ళి ఫొటోలు దిగారు. అంటే ఇబ్బంది తస్వీర్‌తో కాదు, తీసేదెవరు, చూసేదెవరు అన్నదానితో. మన అమ్మీలు కూడా ముందు అడిగేది అదే కదా, "ఎవరికి చూపిస్తావురా?" అని. ఆ సవాలుకు సాఫ్‌గా జవాబు చెప్పకుండా కెమెరా ఎత్తకూడదు. ఇంట్లో కూతురో, కోడలో తీయాలి. ఇజాజత్ లేకుండా స్టేటస్‌లో పెట్టకూడదు, ఖాందాన్ గ్రూపులో కూడా. ఆమె తీసెయ్యమంటే తీసెయ్యాలి.

ముఖమే కనపడాలని కూడా లేదు. మంచులోకి నడిచిపోతున్న వీపు, తస్బీహ్ పట్టుకున్న వేళ్ళు, చలికి తలమీదుగా లాక్కున్న షాల్ చాలు, పిల్లలు వాళ్ళ నానీని గుర్తుపడతారు. సంక్రాంతి సెలవుల్లో ఎలాగూ ఊరికి పోతారు. మంచు ఆ తర్వాత ఎక్కువ రోజులు ఉండదు.