దించాల్సింది సీటును, బండిని కాదు

క్రూయిజర్ కొన్నవాడు షోరూం గడప దాటీ దాటకముందే వినే సలహా ఒకటుంది: "రెండు కాళ్లూ నేలకి పూర్తిగా ఆనట్లేదు, ఓ అంగుళం దించించెయ్ బాబూ." శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోనైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా నలుగురు బండి మోజున్న కుర్రాళ్లు చేరితే ఈ మాట రాక మానదు. వెనక పొట్టి షాకబ్జర్లు వేయించడం, లేదా ఉన్న స్ప్రింగులోనే ఓ చుట్టు కోయించేయడం, ముందు ఫోర్కు గొట్టాలను వాటిని పట్టి ఉంచే టీలోంచి పైకి తోసి బిగించడం. ఎందుకని అడిగితే పొట్టివాళ్లకి సుఖమంటారు, చూడ్డానికి అందమంటారు. ప్రమాదం కాదా అంటే "ఏటవుతాది, అంగుళమే కదా" అంటారు. మన జిల్లాల రోడ్ల మీద బండికి చేయించే మార్పులన్నిటిలోకీ తెలివితక్కువది ఇదేనని నా వాదన.

ఆ అంగుళం సంగతే ముందు చూద్దాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, నేలకీ బండి పొట్టకీ మధ్య ఖాళీ 170. అదే కంపెనీ మీటియర్ 350 సీటు 765కి దిగింది, ఖాళీ మాత్రం 170 దగ్గరే ఉంది. బజాజ్ అవెంజర్ సీటు ఇంకా కిందకి, 737, ఖాళీ 169. క్లాసిక్‌కీ అవెంజర్‌కీ సీటులో దాదాపు ఏడు సెంటీమీటర్ల తేడా ఉంది, పొట్ట కింద ఒక్క మిల్లీమీటరు తేడా. సీటు దిగింది ఫ్రేము గీసిన తీరు వల్ల, మనిషి కూర్చునే చోటు మారడం వల్ల. మన మెకానిక్ చేసేది సరిగ్గా దీనికి తలకిందులు. సీటును బండిలోకి దించకుండా మొత్తం బండినే నేల మీదకి దించుతాడు.

ఇప్పుడు రోడ్డు. స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లోనే ఐఆర్‌సీ 99లో రాసిపెట్టింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో మెల్లగా ఎక్కి మెల్లగా దిగే వంపు. మీటియర్ రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం 1,400 మిల్లీమీటర్లు. లెక్క కడితే, అలాంటి వంపు మీద రెండు చక్రాల మధ్య పైకి పొడుచుకొచ్చేది 15 మిల్లీమీటర్ల లోపే. అన్నీ అలాగే వేసి ఉంటే ఈ వ్యాసం అక్కర్లేదు. కానీ రామాలయం ముందు, బడి ముందు, పలుకుబడి ఉన్న మనిషి ఇంటి ముందు రాత్రికి రాత్రి పోసే సిమెంటు గట్టు ఏ పుస్తకం చూసీ పోసింది కాదు. అడుగున్నర వెడల్పు, అర అడుగు ఎత్తు. ముందు చక్రం దిగిపోయి వెనకది ఇంకా ఎక్కని ఆ క్షణంలో గట్టు ఎత్తు మొత్తం, అంటే 150 మిల్లీమీటర్లు, పొట్ట కిందే ఉంటుంది. 170లో మిగిలింది 20. దాని మీద నువ్వు, వెనక భార్య, మధ్యలో పిల్లాడు, పక్కన పలాస నుంచి తెస్తున్న జీడిపప్పు సంచి. స్ప్రింగులు కుంగి ఆ 20 కూడా ఎప్పుడో అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బండే పక్కకి వంకర తిప్పి దాటించాల్సిన చోట, నువ్వు మరో 25 తీయించేశావు. గీరుకునేది సైలెన్సరైతే అదృష్టం. ఇంజిను అడుగున ఆయిల్ బోల్టు అయితే ఆ సాయంత్రం బండి ఆటోలో ఇంటికొస్తుంది.

పొట్ట కిందే కాదు, లోపలా నష్టముంది. మీటియర్ ముందు ఫోర్కు 130 మిల్లీమీటర్లు కదులుతుంది. గుంత వచ్చినప్పుడు వెన్నుకి బదులు దెబ్బ తినేది ఆ కదలికే. స్ప్రింగు చుట్టు కోస్తే మిగిలింది బిరుసెక్కుతుంది, షాకబ్జర్ ఆడే చోటు తగ్గుతుంది, చిన్న గుంతకే ఠక్కున అడుగు తగులుతుంది. వెనక ఒక్కటే దించితే హ్యాండిల్ బరువెక్కి ఎస్.కోట నుంచి అరకు ఎక్కే మలుపుల్లో బండి తిరగనని మొరాయిస్తుంది. హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది. పదహారో నంబరు హైవే మీద రాత్రి ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. ముందొక్కటే దించితే జోరులో హ్యాండిల్ నిలకడ లేకుండా కదలాడుతుంది. సాలూరు ఘాట్‌లో బండిని వంచితే ఫుట్‌రెస్టు ముందే రోడ్డుకి రాసుకుంటుంది.

సైడ్ స్టాండు మాటే ఎవరూ చెప్పరు. బండి దిగింది, స్టాండు పొడవు తగ్గలేదు. దాంతో వాలి నిలవాల్సిన బండి నిటారుగా నిలబడుతుంది, పక్క నుంచి ఎవరి సంచైనా తగిలితే అవతలి వైపు పడుతుంది. దానికీ మందుంది: స్టాండు మధ్యలో హాక్సాతో కోసి, వెల్డింగు పెట్టి, నల్లరంగు పూస్తారు. 191 కిలోల మీటియర్ ఇకపై ఆ అతుకు మీద నిలబడాలి.

సినిమా పోస్టరులో నేలకి అంటుకున్నట్టుండే బండి అందంగానే ఉంటుంది, కాదనను. కానీ ఆ రూపం పుట్టిన అమెరికా రోడ్లలో రామాలయం ముందు సిమెంటు గట్టు ఉండదు. అక్కడి హార్లే డేవిడ్‌సన్ కూడా పొట్టివాళ్ల కష్టం తీర్చాలనుకున్నప్పుడు ఏం చేసిందో చూడండి. 2021లో తెచ్చిన పాన్ అమెరికా స్పెషల్‌లో, ఆగబోతుంటే బండి దానంతటదే కిందకి దిగుతుంది, కదలగానే మళ్లీ లేస్తుంది. నడిచేటప్పుడు ఎత్తు ఎత్తుగానే ఉండాలని వాళ్లకి తెలుసు.

పొట్టివాళ్ల ఇబ్బంది నిజమైనదే. అయిదడుగుల రెండంగుళాల అమ్మాయి సిగ్నల్ దగ్గర మునివేళ్ల మీద అంత బరువు ఆపుతుంటే పక్కనున్న పెద్దమనుషులు నవ్వే నవ్వు నేనూ చూశాను. ఆ నవ్వుకి భయపడే చాలామంది బండి దించుకుంటారు. కానీ రెండు పాదాలూ చదునుగా ఆనాలన్న నియమం ఎవరు పెట్టారు? ఆగేటప్పుడు ఎడమ కాలొక్కటి గట్టిగా దిగితే చాలు, కుడి కాలు వెనక బ్రేకు మీదే ఉండాలి. నడుము కాస్త ఎడమకి జరిపితే కాలు అందుతుంది. అప్పటికీ చాలకపోతే సీటు కుట్టేవాడి దగ్గరకి వెళ్లి, ముందు భాగంలో ఫోమ్ పలచన చేయించి, తొడలు ఆనే అంచులు సన్నం చేయించుకోండి. నచ్చకపోతే పాత ఫోమ్ మళ్లీ పెట్టించుకోవచ్చు. కోసిన స్ప్రింగుని ఎవరూ అతికించలేరు.

చట్టం సంగతి క్లుప్తంగా. కంపెనీ ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకి యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. ఎత్తు ఆర్‌సీలో రాయరు కదా అని మీరు వాదించవచ్చు. ఆ వాదన ప్రమాదం జరిగాక బీమా సర్వేయరు ముందు, వెల్డింగు అతుకున్న స్టాండు పక్కన నిలబడి చేయాల్సి రావచ్చు.

కాబట్టి షాకబ్జర్ మీద కోత పెట్టించకముందు మెకానిక్‌ని ఒక్క పని చేయమనండి: మీరూ, మీ వెనక కూర్చునే మనిషీ ఎక్కాక పొట్టకీ నేలకీ మధ్య టేపు పెట్టి కొలవమనండి. అందులోంచి ఇంకో అంగుళం తీయమని ఆయనే అంటే, మెకానిక్‌ని మార్చండి.